ఎడమ కాలికి పని ఉండాలా, వద్దా?

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. మా సొంతూరు ఖమ్మం దగ్గర. పదేళ్లుగా హైదరాబాద్‌లో ఉంటున్నాను. ఇల్లు నాగోలులో, ఆఫీసు రాయదుర్గం మెట్రో స్టేషన్‌కు ఎదురుగా. నాన్నగారి పాత కారు మీద డ్రైవింగ్ నేర్చుకున్నాను. ఘాట్ రోడ్డు మీద బండి నడపడమంటే నాకు ప్రాణం. రెండు నెలలకోసారి శ్రీశైలమో, భద్రాచలం, చింతూరు మీదుగా మారేడుమిల్లో వెళ్తుంటాం. ఇప్పుడు కొత్త స్విఫ్ట్ కొనాలనుకుంటున్నాను. నా మనసు మాన్యువల్ మీద ఉంది. కానీ ఈ ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కలేక చస్తావని, ఏఎంటీ (క్లచ్ పెడల్ లేని ఒక రకం ఆటోమేటిక్) తీసుకోమని ఆఫీసులో అందరూ అంటున్నారు. తెలిసినవారి దగ్గర మూడేళ్లు వాడిన హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) కారు కూడా అమ్మకానికి ఉంది. నా భార్య ఉప్పల్‌లో టీచరు. ఈ మధ్యే లైసెన్సు తీసుకుంది కాబట్టి స్కూలుకు కారులో వెళ్దామనుకుంటోంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బండి ఆగిపోయి వెనక్కి జారుతుందేమోనని ఆమెకు భయం. మా బడ్జెట్ అన్నీ కలిపి 13 లక్షలు. మాన్యువల్ కొంటే తప్పు చేసినట్టవుతుందా?
— ఒక పాఠకుడు, నాగోలు

జవాబు: మీ ప్రశ్నకు జవాబు ముందే చెప్పేసి, కారణాలు తర్వాత వివరిస్తాను. కొనేది స్విఫ్టే అయితే మాన్యువల్ తీసుకోండి. ఆటోమేటిక్ ఉండి తీరాలని మీ ఇంట్లో తేలితే మాత్రం స్విఫ్ట్ ఆలోచన మానుకుని, టర్బో ఇంజిన్ (గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టి బలం పెంచే ఇంజిన్) ఉన్న మరో చిన్న కారు చూడండి. ఈ రెండు మాటలకూ పొంతన లేదని మీకు అనిపించవచ్చు. అయితే ఒక గేర్‌బాక్సు మనకు నచ్చుతుందా లేదా అన్నది చాలావరకు దానికి జత చేసిన ఇంజిన్‌ను బట్టి ఉంటుంది కాబట్టి, ముందుగా ఇంజిన్ సంగతి మాట్లాడుకోవాలి.

2024 మే నెలలో వచ్చిన ప్రస్తుత స్విఫ్ట్‌లో పాత నాలుగు సిలిండర్ల ఇంజిన్‌ను తీసేసి, మూడు సిలిండర్ల 1.2 లీటర్ల ఇంజిన్ పెట్టారు. దాని శక్తి సుమారు 82 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత). అది పూర్తిగా అందేది 5,700 ఆర్‌పీఎం దగ్గర, అంటే ఇంజిన్ నిమిషానికి అన్ని చుట్లు తిరిగేటప్పుడు. బండిని లాగే బలం, అంటే టార్క్, సుమారు 112 న్యూటన్ మీటర్లు. అది అందేది 4,300 దగ్గర. ఊళ్లో రోజూ తిరిగేటప్పుడు ఆర్‌పీఎం మీటరులో ముల్లు రెండు వేల చుట్టుపక్కలే ఆడుతుంది కాబట్టి, ఆ ఇంజిన్‌లో ఉన్న సత్తా మనకు పూర్తిగా తెలియనే తెలియదు. టర్బో లేని చిన్న పెట్రోల్ ఇంజిన్ల స్వభావం సాధారణంగా ఇదే: కింద నెమ్మది, పైన హుషారు. బండి బరువు సుమారు 920 కిలోలే కావడం వల్ల, ఇంజిన్‌ను ఆ హుషారైన చోట నిలిపి ఉంచగలిగితే ఇంత కొద్ది శక్తితోనే స్విఫ్ట్ ఘాట్ రోడ్డును చకచకా ఎక్కేస్తుంది. నిలపలేకపోతే నలుగురు మనుషులు, సామానుతో మొదటి ఎత్తుకే నీరసపడిపోతుంది. ఇంజిన్‌ను ఎక్కడ నిలపాలో నిర్ణయించేది గేరు. ఆ నిర్ణయం ఎవరి చేతిలో ఉండాలన్నదే మీరు అడిగిన ప్రశ్న.

ఐ20 ఎన్ లైన్‌లో ఉన్నది ఒక లీటరు టర్బో ఇంజిన్. 120 పీఎస్ శక్తి, 172 న్యూటన్ మీటర్ల టార్క్. ఇక్కడ గమనించవలసింది ఆ 172 ఎక్కడ దొరుకుతుందన్నది: 1,500 ఆర్‌పీఎం నుంచి 4,000 దాకా పరుచుకుని ఉంటుంది. డ్రైవరు పొరపాటున ఒక గేరు ఎక్కువలో ఉన్నా, కంప్యూటర్ ఒక గేరు ఎక్కువలో ఉంచినా, అటువంటి ఇంజిన్ ఆ లోటును తనే సర్దుకుంటుంది. స్విఫ్ట్ ఇంజిన్ సర్దుకోదు. అందుకే అదే మనిషి, అదే దారి అయినా, ఒక కారులో ఆటోమేటిక్ హాయిగా ఉండి, ఇంకో కారులో చిరాకు తెప్పిస్తుంది.

మీకు శ్రీశైలం దారి తెలుసు కాబట్టి అక్కడినుంచే ఒక ఉదాహరణ చెప్తాను. దోమలపెంట, ఈగలపెంట దాటిన తర్వాత రోడ్డు మెలికలు తిరుగుతూ కృష్ణ దాకా దిగి, డ్యాముకు దిగువన వంతెన దాటి, లింగాలగట్టు దగ్గరినుంచి మళ్లీ సున్నిపెంట వైపు ఎక్కుతుంది. ఆ ఎక్కేటప్పుడు మీరు మూడో గేరులో ఒక ఇరుకు మలుపుకు వస్తున్నారనుకుందాం. బ్రేకు వేసి వేగం నలభై లోపుకు తెచ్చారు. ముల్లు 1,800 దగ్గరికి పడింది. ఆ వేగంలోనే రెండో గేరు పడాలంటే ఇంజిన్ దాదాపు ఒకటిన్నర రెట్లు, అంటే సుమారు 2,700 దగ్గర తిరుగుతూ ఉండాలి. క్లచ్ తొక్కి, రాడ్డును రెండులోకి లాగే ఆ క్షణంలోనే కుడి పాదంతో యాక్సిలరేటర్‌ను ఒక్కసారి చిన్నగా తట్టి, ముల్లు పైకి లేచే వేళకు క్లచ్ వదిలితే గేరు మారిన సంగతే తెలియదు. వెనక సీట్లో నిద్రపోతున్నవారు మేలుకోరు, స్టీరింగులో వణుకు ఉండదు, మలుపు సగం తిరిగాక మీరు యాక్సిలరేటర్ తొక్కేసరికి ఇంజిన్ పైకి పరుగెత్తడానికి అప్పటికే సిద్ధంగా ఉంటుంది. తట్టింది తక్కువైతే బండి ముక్కు వంచి కుదుపుతుంది. ఎక్కువైతే ముందుకు తోస్తుంది. పదిసార్లలో ఒకసారి సరిగ్గా కుదిరినప్పుడు కలిగే సంతోషం, మర్నాడు ఆఫీసులో కూర్చున్నప్పుడు కూడా గుర్తుకొస్తూ ఉంటుంది.

నా దృష్టిలో చిన్న కారు సరదా అంటే ఇది. ఇందులో వేగం పాత్ర చాలా తక్కువ. పెద్ద ఇంజిన్ ఉన్న కారుకు మొత్తంగా పని చెప్పాలంటే ప్రమాదకరమైన వేగానికి పోవాలి. చిన్న కారు నలభై, యాభై వేగంలోనే డ్రైవరుకు చేతినిండా పని చెప్తుంది. పైగా మీరు వెళ్లేది అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అక్కడ రాకపోకలే ఆపేస్తారు, పగలు కూడా కోతులు, జింకలు రోడ్డు మీదికి వస్తుంటాయి. కాబట్టి ఆ దారిలో ముల్లు ఆర్‌పీఎం మీటరులో పైకి లేస్తే చాలు, స్పీడు మీటరులో లేవకూడదు.

ఇప్పుడు ఇదే మలుపును ఏఎంటీతో తిరుగుదాం. ఏఎంటీ మన దేశంలో చిన్న కార్లలోకి వచ్చింది 2014లో, మారుతి సెలేరియోతో. దాని లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, మామూలు క్లచ్ ప్లేటే. మన ఎడమ కాలు, ఎడమ చెయ్యి చేసే పనిని కంప్యూటర్ చెప్పినట్టు నడిచే యంత్రభాగాలు చేస్తాయి. కొత్త గేర్‌బాక్సు తయారు చేయవలసిన అవసరం లేనందువల్లనే అది మాన్యువల్ కన్నా సుమారు 50 వేల రూపాయలు మాత్రమే ఎక్కువకు దొరుకుతోంది. అంతవరకు ఆటోమేటిక్ అనే మాటకు ఖరీదైన బండి, పెట్రోలు తాగే బండి అని అర్థం ఉండేది. ఏఎంటీ ఆ మాటను చెరిపేసింది, అది చిన్న మేలు కాదు. కంపెనీ ప్రకటించిన లెక్కల ప్రకారం స్విఫ్ట్ మాన్యువల్ మైలేజీ లీటరుకు 24.8 కిలోమీటర్లు, ఏఎంటీది 25.75. మనిషి కన్నా కంప్యూటరే ఎక్కువ పొదుపరి అన్నమాట.

ఆ పొదుపు ఎలా వస్తుందో చూస్తే ఘాట్ రోడ్డు మీద దాని ఇబ్బంది అర్థమవుతుంది. కంప్యూటర్ వీలైనంత త్వరగా పై గేరు వేసి ఇంజిన్‌ను నెమ్మదిగా తిప్పాలని చూస్తుంది. ఈ ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు ఎత్తు ఎక్కలేదు. మలుపు ముందు మీరు యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే, ఇక తొందర లేదని అనుకుని అది పై గేరులోనే ఉండిపోతుంది. మలుపు తిరిగి మీరు మళ్లీ తొక్కుతారు. అప్పుడు దానికి విషయం తెలిసి, క్లచ్ విడదీసి, కింది గేరు వేసి, మళ్లీ క్లచ్ కలుపుతుంది. ఆ కాసేపు చక్రాలకు ఇంజిన్ లాగుడు అందదు, బండిలో ఉన్నవారందరి తలలూ ఒకసారి ముందుకూ వెనక్కూ ఊగుతాయి. ఇందులో యంత్రం తప్పేమీ లేదు. రాబోయే మలుపు మీ కళ్లకు కనబడుతుంది, దానికి కనబడదు. మీ కాలు కింద జరిగినది మాత్రమే దానికి తెలుస్తుంది.

ఏఎంటీలో కూడా రాడ్డును పక్కకు జరిపి మనమే గేర్లు వేసుకునే ఏర్పాటు ఉంటుంది, దాన్ని వాడితే పరిస్థితి చాలా మెరుగుపడుతుంది. గేరు మారే క్షణంలో యాక్సిలరేటర్ మీద కాలి ఒత్తిడిని కాస్త తగ్గించి, పడ్డాక మళ్లీ తొక్కితే ఆ ఊపు సగానికి సగం తగ్గుతుంది. అయినా గేరు ఎప్పుడు పడాలో మీరు అడగగలరు గానీ, ఎంత త్వరగా, ఎంత మెత్తగా పడాలో మీ చేతిలో ఉండదు. ఇందాక చెప్పిన ఆ తట్టు మీరు వేయలేరు. ఘాట్ రోడ్డంటే ప్రాణమని రాసిన మీకు మొదటి ప్రయాణంలోనే ఈ లోటు తెలిసిపోతుందని నా నమ్మకం. ఘాట్ రోడ్డు మీద ఆసక్తి లేని మనిషి ఇదే ప్రశ్న అడిగి ఉంటే ఏఎంటీయే కొనమని చెప్పేవాడిని.

ఐ20లో ఉన్న డీసీటీ పనితీరు దీనికి పూర్తిగా భిన్నం. అందులో క్లచ్‌లు రెండు. 1, 3, 5, 7 గేర్లు ఒక క్లచ్ మీద, 2, 4, 6 గేర్లు ఇంకో క్లచ్ మీద ఉంటాయి. మీరు రెండో గేరులో పోతుండగానే మూడోది వేసి సిద్ధంగా ఉంచుతుంది. మార్చవలసిన సమయం రాగానే ఒక క్లచ్ వదులుతూ ఇంకొకటి పట్టుకుంటుంది. మనిషి చెయ్యి ఎంత చురుకైనదైనా ఆ వేగాన్ని అందుకోలేదు. ఈ రకం గేర్‌బాక్సుతోనే ఫోక్స్‌వ్యాగన్ 2013లో పోలో జీటీ టీఎస్ఐని మన దేశంలో అమ్మింది. మాన్యువల్ లేకపోయినా ఆ బండిని ప్రేమించినవారు ఎందరో ఉన్నారు. కాబట్టి ఆటోమేటిక్ అంటే సరదా లేనిదన్న మాటను నేను ఒప్పుకోను.

అయితే చిన్న కార్లలో వచ్చే డీసీటీల్లో సాధారణంగా ఉండేది నూనెలో మునగని పొడి క్లచ్. బండి గంటకు మూడు, నాలుగు కిలోమీటర్ల వేగంతో పాకుతున్నంతసేపూ ఆ క్లచ్ సగం కలిసి, సగం జారుతూ వేడెక్కుతుంది. కొన్నేళ్ల కిందట నేను వాడిన ఇలాంటి కారు ఒకటి, మే నెల సాయంత్రం ఫ్లైఓవర్ ఎత్తు మీద ముప్పావుగంట పాకిన తర్వాత గేర్‌బాక్సు వేడెక్కిందని, బండిని పక్కకు ఆపమని మీటరులో అక్షరాలు చూపింది. పక్క అనేది లేని చోట, వెనక బస్సు హారన్ కొడుతుండగా, ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టుకుని ఆ పదిహేను నిమిషాలు ఎలా గడిచాయో నాకే తెలుసు. తప్పు కొంత నాది కూడా. ముందున్న బండి ఒక అడుగు కదలగానే నేనూ ఒక అడుగు కదులుతూ, ఎత్తు మీద బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెడుతూ వచ్చాను. ముందు కాస్త ఖాళీ వదిలి, కదిలినప్పుడు ఒకేసారి పది, పదిహేను అడుగులు కదిలి, ఆగినప్పుడు బ్రేకు మీద పూర్తిగా ఆగితే క్లచ్‌కు ఊపిరి అందుతుంది. ఈ జాగ్రత్త ఏఎంటీకీ అంతే అవసరం, ఎందుకంటే అందులో ఉన్నదీ క్లచ్ ప్లేటే. క్లచ్ పెడల్ లేదు కాబట్టి క్లచ్ అరగదని అనుకునేవారిని నేను చాలామందిని చూశాను.

అందువల్ల ఆ వాడిన ఐ20ని కొనే ఆలోచన ఉంటే, ఉదయం ఏడింటికి ఖాళీ రోడ్డు మీద నడిపి మురిసిపోకండి. సాయంత్రం రద్దీలో కనీసం గంటసేపు నడపండి. బాగా వేడెక్కిన తర్వాత, ఒకటి నుంచి రెండో గేరుకు మారేటప్పుడు బండి వణుకుతోందా చూడండి. వణుకు ఉందంటే క్లచ్ మీద ఖర్చు పొంచి ఉన్నట్టే. ఏదైనా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద రివర్సులో నెమ్మదిగా ఎక్కించండి, కాలిన వాసన వస్తే ఆ బండి వద్దు. సర్వీసు రికార్డులో క్లచ్ గానీ, గేర్‌బాక్సు సాఫ్ట్‌వేర్ గానీ ఎప్పుడైనా మార్చారా అని అడిగి, కాగితం మీద ఉన్నదాన్నే నమ్మండి. కంపెనీ వారంటీ ఎంతకాలం మిగిలి ఉందో, అది మీ పేరు మీదికి మారుతుందో లేదో డబ్బు చేతులు మారకముందే తేల్చుకోండి.

టార్క్ కన్వర్టర్ రకం ఆటోమేటిక్ గురించి మీ ఉత్తరంలో లేదు గానీ, మీ ఇంటి అవసరానికి దగ్గరగా వచ్చేది అదేనని నాకు అనిపిస్తోంది. అందులో ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య క్లచ్ ప్లేటు బదులు నూనె తిరిగే ఒక డొప్ప ఉంటుంది. ఇంజిన్ తిప్పిన నూనె గేర్‌బాక్సును తిప్పుతుంది కాబట్టి, రద్దీలో పాకేటప్పుడు అరిగిపోయే ప్లేటు ఏదీ అక్కడ ఉండదు. బ్రేకు వదిలితే బండి మెత్తగా కదులుతుంది, చిన్నపాటి ఎత్తు మీద వెనక్కి జారదు. గేర్లు డీసీటీ అంత చురుగ్గా మారకపోయినా, ఏఎంటీలా తల ఊపవు. ఫోక్స్‌వ్యాగన్ కూడా 2020లో పోలో ఇంజిన్ మార్చినప్పుడు డీసీటీని వదిలి, ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్‌కు వచ్చింది. ఇప్పుడు కొత్తగా దొరికేవాటిలో మారుతి ఫ్రాంక్స్ ఒక లీటరు టర్బో ఇంజిన్‌తో ఈ గేర్‌బాక్సును ఇస్తోంది. 100 పీఎస్ శక్తి, సుమారు 148 న్యూటన్ మీటర్ల టార్క్, ఆ టార్క్ 2,000 ఆర్‌పీఎం నుంచే అందుతుంది. స్టీరింగు వెనక గేర్లు మార్చుకునే రెక్కలు కూడా ఉన్నాయి. స్విఫ్ట్ కన్నా కాస్త ఎత్తైన బండి కాబట్టి మలుపుల్లో అంత చలాకీగా ఉండదు, ఆన్ రోడ్ ధర మీ 13 లక్షలను దాటవచ్చు. అయినా ఇంట్లో ఆటోమేటికే కావాలని తేలితే, స్విఫ్ట్ ఏఎంటీ కన్నా దీని మీదే మీకు ఎక్కువకాలం ఇష్టం నిలుస్తుంది. విడివిడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే సీవీటీ రకం ఆటోమేటిక్ గురించి ఒక్క మాట చాలు: రద్దీలో అంత మెత్తనిది లేదు, ఘాట్ రోడ్డు మీద అంత చప్పనిది లేదు, తొక్కితే శబ్దం ముందు వచ్చి, బండి తర్వాత వస్తుంది.

ఇక ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కలేక చస్తావన్న మీ ఆఫీసువారి మాట. అది అబద్ధం కాదు. ఉప్పల్, తార్నాక, సికింద్రాబాద్, బేగంపేట, అమీర్‌పేట దాటి, జూబ్లీహిల్స్ ఎక్కి, దుర్గం చెరువు వంతెన మీదుగా రాయదుర్గం చేరడానికి ఎడమ కాలు ఎన్నిసార్లు కిందికి పోతుందో మీరే ఒకరోజు లెక్కపెట్టండి. వారానికి అయిదు రోజులు, రెండు పూటలా అదే పని అయితే, ఆదివారం ఘాట్ రోడ్డు మీద ఇచ్చే సంతోషాన్ని మిగతా రోజులు మింగేస్తాయి. కానీ మీ ఇల్లు నాగోలు, మీ ఆఫీసు రాయదుర్గం స్టేషన్ ఎదురుగా అని మీరే రాశారు. నాగోలు నుంచి రాయదుర్గం దాకా ఒకే మెట్రో లైను ఉంది, మధ్యలో రైలు మారే పని కూడా లేదు. మీ మాన్యువల్ కోరికకు అంతకన్నా పెద్ద అండ ఏముంటుంది? వారం పొడవునా మెట్రో ఎక్కండి. అలా చేస్తే మీ కారు ఎడమ కాలును అడిగేది శని, ఆదివారాల్లోనూ, ఊరికి వెళ్లేటప్పుడూ మాత్రమే. నెలకు ఇన్ని రోజులైనా మెట్రోలో వెళ్తానని మీరు నిజాయితీగా చెప్పుకోలేకపోతే, నేను పైన చెప్పిన మాన్యువల్ సలహాను వెనక్కి తీసుకుంటున్నాను.

ఘాట్ రోడ్డు దిగేటప్పటి సంగతి కూడా చెప్పాలి, ఏ గేర్‌బాక్సు కొన్నా ఇది మీకు అవసరం. ఎక్కేటప్పుడు ఏ గేరు పడిందో దిగేటప్పుడూ ఆ గేరులోనే దిగాలని లారీ డ్రైవర్లు చెప్పే మాట నూటికి నూరుపాళ్లూ నిజం. కింది గేరులో యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజినే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది, బ్రేకులు చల్లగా ఉంటాయి. పెట్రోలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దిగేవారిని ఈగలపెంట మలుపుల్లో నేను చూశాను. బ్రేకులు కాలి వాసన వచ్చేదాకా తొక్కుతూ దిగుతారు. నిజానికి ఇప్పటి ఇంజిన్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే పెట్రోలు పోయడమే ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగకుండా ఉండటానికి పోస్తూనే ఉంటుంది. అంటే ఆ ఆదా కూడా లేదు. మాన్యువల్‌లో ఇదంతా మీ చేతిలో ఉంటుంది. ఆటోమేటిక్ అయితే దిగేటప్పుడు తప్పనిసరిగా గేర్లు మనమే వేసుకునే ఏర్పాటుకు మార్చి, రెండులోనో మూడులోనో ఉంచి దిగాలి. కంప్యూటర్‌కు వదిలేస్తే పై గేరు వేసి బండిని జారనిస్తుంది.

ఇంతవరకు నేను రాసినదంతా మీ గురించే. మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు తట్టిన సంగతి వేరే ఉంది. మీరు మెట్రోలో వెళ్తే, వారంలో అయిదు రోజులు ఆ కారు నడిపేది మీ భార్య. నాగోలు నుంచి ఉప్పల్‌కు దూరం తక్కువే అయినా, ఉదయం స్కూలు వేళకు ఉప్పల్ కూడలి ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆమె భయం గురించి మీరు రాశారు గానీ, ఆమెకు ఏ బండి కావాలో ఒక్క వాక్యం కూడా రాయలేదు. బహుశా ఆమెను అడగలేదేమో.

ఆమె భయం న్యాయమైనదే, దానికి మందు కూడా ఉంది. ప్రస్తుత స్విఫ్ట్‌లో హిల్ హోల్డ్ అనే ఏర్పాటు అన్ని రకాల్లోనూ ఉంది. ఎత్తు మీద బ్రేకు నుంచి కాలు తీసినా కాసేపు బండిని అదే పట్టి ఉంచుతుంది కాబట్టి, కుడి కాలు యాక్సిలరేటర్ మీదికి వచ్చేలోపు వెనక్కి జారదు. దాని మీదే ఆధారపడకుండా హ్యాండ్ బ్రేకుతో ఎత్తు మీద కదలడం కూడా నేర్పండి. హ్యాండ్ బ్రేకు లాగి ఉంచి, మొదటి గేరు వేసి, క్లచ్‌ను ఇంజిన్ శబ్దం మారేదాకా మెల్లగా వదలాలి. బండి ముక్కు కొంచెం పైకి లేచినట్టు తెలుస్తుంది. అప్పుడు యాక్సిలరేటర్ కాస్త తొక్కి హ్యాండ్ బ్రేకు దించితే బండి ముందుకే పోతుంది. ఆదివారం ఉదయం ఆరింటికి, వెనక ఎవరూ లేని ర్యాంపు మీద ఇరవైసార్లు చేయిస్తే ఆ భయం చాలావరకు పోతుంది. నేర్పేటప్పుడు గొంతు పెంచకండి. డ్రైవింగ్ స్కూల్లో బాగానే నడిపి, ఇంటికొచ్చాక భర్త పక్కన కూర్చుంటే మాత్రం బండి ఆపేసుకునే ఆడవాళ్లు నాకు చాలామంది తెలుసు. లోపం వాళ్ల చేతుల్లో ఉండదు.

ఇవన్నీ అయ్యాక కూడా ఆమె తనకు మాన్యువల్ వద్దంటే, ఆ మాటకు పూర్తి విలువ ఇవ్వండి. రోజూ నడిపే మనిషి రోజూ భయపడుతూ నడపకూడదు. అప్పుడు టర్బో ఆటోమేటిక్ తీసుకుని, ఘాట్ రోడ్డు మీద ఆ రెక్కలతో మీరే గేర్లు వేసుకోండి. అందులోనూ నేర్చుకోవలసింది, ఆనందించవలసింది చాలా ఉంది. ఆమె మాన్యువల్‌కు సరేనంటే ఇంకో ఆలోచన లేకుండా స్విఫ్ట్ బుక్ చేయండి.

టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లేటప్పుడు షోరూమువారు చూపించే ఖాళీ దారి వద్దని, సాయంత్రం ఆరింటికి రద్దీలోనే ఇవ్వమని ముందే అడగండి. మాన్యువల్, ఆటోమేటిక్ రెండూ ఒకే రోజు, ఒకే దారిలో, ఒకే ఫ్లైఓవర్ మీద నడపాలి. ఎత్తు మధ్యలో కావాలనే ఒకసారి ఆపి, మళ్లీ కదలాలి. ముందుగా ఆమె నడపాలి, తర్వాతే మీరు. ఆమె నడిపేటప్పుడు పక్క సీటు షోరూము మనిషికి వదిలి, మీరు వెనక సీట్లో కూర్చోండి.